పక్క సీటు బరువు

కిందటి వారం మనం షెడ్డు వదిలి వచ్చేసరికి కొత్త బండి ఇంకా చక్రాలు లేకుండా స్టాండుల మీదే నిలబడి ఉంది. ఛాసీ పూర్తయింది. మనుషులు కూర్చునే చోట ఇనప గొట్టాల బోను పూర్తయింది. ఇంజను కూర్చుంది. రాళ్ళూ గుంటలూ వాగులూ దాటాల్సిన పందెపు బండి అది. తేలని విషయం ఒక్కటే మిగిలింది. వెనక ఇరుసును దేని మీద నిలబెట్టాలి? లారీలకు వేసే ఇనప ఆకుల కమాన్ల మీదా, చుట్ట స్ప్రింగుల మీదా? అక్కాతమ్ముళ్ళకు పెద్దవాడైన అన్నయ్య ప్రాణం తీసినవి చుట్ట స్ప్రింగులేనని, వాటి పేరెత్తొద్దని బావ పట్టుబట్టాడు. అన్నయ్య ఏ బండి నడిపాడో తానూ అలాంటిదే నడుపుతానని తమ్ముడు మొండికేశాడు. చివరికి ఇద్దరూ అక్క వైపు తిరిగారు. "రేపు చెప్తాను," అని అక్క వెల్డింగ్ అద్దం ముఖం మీదికి దించుకుంది.

ఆ రేపు వచ్చింది. మధ్యాహ్నం కూడా అయింది. అక్క ఇంకా చెప్పలేదు.

ఆ షెడ్డులో ఆమె అందరికీ అక్కే. సొంత తమ్ముడికీ అక్కే, సామాను దింపడానికి వచ్చే లారీ డ్రైవర్లకూ అక్కే. అలాగే ఆమె భర్త అందరికీ బావ. మనిషి భారీగా ఉంటాడు, గొంతు అంతకంటే భారీగా ఉంటుంది. అన్నయ్య బండి నడిపినన్నాళ్ళూ పక్క సీట్లో కూర్చుని దారి చెప్పింది ఆయనే. పందేనికి ముందు ట్రయల్‌కని అన్నయ్య ఊరి బయట వాగులోకి వెళ్ళిన రోజు మాత్రం ఆయన వెళ్ళలేదు. ఒంట్లో బాగోలేక షెడ్డులోనే పడుకున్నానన్నాడు. బండి ఎంతకీ తిరిగి రాకపోతే వెతుక్కుంటూ వెళ్ళి, తిరగబడ్డ బండినీ అందులో అన్నయ్యనీ మొదట చూసిందీ ఆయనే.

పని బల్ల మీద పాత గుడ్డ పరిచి వదిన అన్నం డబ్బాలు విప్పుతోంది. అన్నయ్య పోయాక కూడా ఆవిడ షెడ్డుకు భోజనం తేవడం మానలేదు. వద్దని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. బయట ఎండ నిప్పులు చెరుగుతున్నా ఆవిడ మెడ చుట్టూ పలచటి శాలువా ఉంది. ఆ కబురు విన్న రోజు మెట్ల మీంచి జారిపడ్డ భుజం ఇంకా నయం కాలేదట. డబ్బాలన్నీ ఒంటిచేత్తోనే దించుతోంది.

"కమాను కట్టలో ఒక ఆకు విరిగిందనుకో," అన్నాడు బావ ముద్ద కలుపుతూ, "మిగతా ఆకులు మోస్తాయి. ముక్కుతూ మూలుగుతూ అయినా ఇంటికి తీసుకొస్తాయి. నీ చుట్ట స్ప్రింగుకి అంత బుద్ధెక్కడిది? ఇరుసును పట్టుకోవడం దాని వల్ల కాదు. దానికి మళ్ళీ కడ్డీలు కావాలి, కడ్డీలకి బోల్టులు కావాలి. ఒక్క బోల్టు పోయిందా, ఇరుసుదో దారి, బండిదో దారి."

"కమాన్లు వేసుకుని ఊరేగింపుకి వెళ్తానా బావా?" అన్నాడు తమ్ముడు. "చక్రం గుంటలోకి దిగాలి కదా. కమాను జానెడు దిగి ఇక నా వల్ల కాదంటుంది. స్ప్రింగు మూరెడు దిగుతుంది. నేల వదలని చక్రమే బండిని తోస్తుంది. ఈ మాట నాకు నేర్పింది నువ్వే."

"నేర్పిన నోటితోనే వద్దంటున్నా."

"ఇప్పుడు కొత్తవి తెప్పిస్తే పందెం అయిపోయాక వస్తాయి. ఉన్నవి ఆ మూలనే ఉన్నాయిగా. తీసి, కడిగి, బిగిద్దాం."

ఆ మూల అంటే షెడ్డు వెనక గోడ. అక్కడ టార్పాలిన్ కప్పుకుని అన్నయ్య పాత బండి ఉంది.

బావ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "శవం ఒంటి మీది చొక్కా విప్పి తొడుక్కుంటావురా?"

వదిన గరిటె జారి డబ్బా అంచుకు తగిలింది. ఆ చిన్న చప్పుడుకు అందరూ తలలు దించుకున్నారు.

"తప్పయిపోయింది చెల్లెమ్మా," అన్నాడు బావ. "నోరు జారాను."

"పర్వాలేదన్నయ్యా. పెరుగు వేసుకోండి," అంది వదిన ఆయనతో.

తమ్ముడు వాతావరణం తేలిక చెయ్యాలని చూశాడు. "పోనీ వదినా, నువ్వే తేల్చు. ఒకసారి కొత్త బండెక్కి పక్క సీట్లో కూర్చో. ఏ స్ప్రింగు కావాలో నీ నడుమే చెప్తుంది."

"ఆ ఇనప బోనులోకా? జన్మలో ఎక్కలేదు, ఇక ఎక్కను," అంది వదిన. చిన్నగా నవ్వింది కూడా. మీ అన్నయ్య ఎన్నిసార్లు బతిమాలినా ఎక్కలేదు తెలుసా అని పాత రోజుల్లో గొప్పగా చెప్పుకునేది. ఇప్పుడు ఆ ముక్క చెప్పలేదు.

భోజనాలయ్యాక బావ చేతులు తుడుచుకుని లేచాడు. "కమాన్ల కొట్టుకి వెళ్ళి ఒక జత పట్టుకొస్తా. మీ అక్క ఔనంటే వేసుకుందాం, కాదంటే తిరిగిచ్చేద్దాం." గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. "ఆ టార్పాలిన్ జోలికి ఎవరూ వెళ్ళకండి. ఇరుసు కింద దిమ్మలు సరిగా లేవు. ఒరిగితే మనిషి పచ్చడే."

వదిన డబ్బాలు కడగడానికి పెరటి కుళాయి దగ్గరికి వెళ్ళింది. తమ్ముడు సీట్లలో బరువుకు పెట్టే ఇసక బస్తాలు దింపడానికి అటక నిచ్చెన వెతుక్కుంటూ పక్క గదిలోకి వెళ్ళాడు. అక్క ఒక్కతే మిగిలింది.

కమాన్లా స్ప్రింగులా అన్న ప్రశ్న ఆమెకు మొదటి నుంచీ మరోలా వినిపిస్తోంది. అన్నయ్య బండి ఎందుకు తిరగబడింది? స్ప్రింగుల వల్లే అయితే కమాన్లు వెయ్యాలి. కాకపోతే తమ్ముణ్ని జానెడు దిగే కమాన్ల మీద ఆ రాళ్ళలోకి పంపడమే పాపం. ఇన్ని నెలల్లో ఎవరూ వెళ్ళి చూడలేదు. బావ చెప్పాడు, అందరూ విన్నారు. అక్క చూడకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఆ ఇరుసును పట్టుకునే కడ్డీల కొక్కేలకు వెల్డింగు చేసింది ఆమె చేతులే. టార్పాలిన్ ఎత్తితే తెగిన అతుకు కనిపిస్తుందేమోనని, ఆ అతుకు తనదే అవుతుందేమోనని, ఆ మూలకు చూపు కూడా పోనివ్వకుండా ఇన్నాళ్ళూ తిరిగింది.

ఇవాళ తప్పించుకు తిరగడానికి వీల్లేదు. టార్చి తీసుకుంది.

టార్పాలిన్ కింద పాత నూనె వాసన, ఎండిన బురద వాసన. దిమ్మలు గట్టిగానే ఉన్నాయి. అక్క మోకాళ్ళ మీద వంగి ఒక్కో అతుకు మీదా టార్చి వేసింది, ఆపైన వేలు వేసి తడిమింది. మొదటిది బాగుంది. రెండోదీ బాగుంది. చివరి అతుకు దాకా చూసేసరికి ఆమె వీపంతా చెమటతో తడిసిపోయింది. ఒక్కటీ తెగలేదు. ఒక్క బోల్టూ ఊడలేదు. స్ప్రింగులు రెండూ నిక్షేపంగా ఉన్నాయి.

ఏడుపు వచ్చేదే. దాన్ని మింగి, బండికీ గోడకూ మధ్య సందులోకి ఒంటిని ఇరికించి అవతలి స్ప్రింగును దగ్గర నుంచి కూడా చూద్దామని వెళ్ళింది. పక్క సీటు వైపు స్ప్రింగు అది. బండిని తెచ్చి పెట్టినప్పుడు ఆ వైపే గోడకు దగ్గరగా ఉండేలా పెట్టించింది బావే.

ఆ స్ప్రింగు పైకొనను ఒక రింగు పట్టి ఉంచుతుంది. మర ఉన్న గొట్టం మీద ఆ రింగును కిందికి తిప్పితే స్ప్రింగు బిగిసి బండి ఆ వైపు లేస్తుంది, పైకి తిప్పితే దిగుతుంది. పక్క సీట్లో మనిషి లేకపోతే రింగు పైన తెల్లగీత దగ్గర ఉండాలి. బావ కూర్చుంటే కింద పసుపుగీత దగ్గరికి రావాలి. ఆ గీతలు వేసింది అక్కే. "ఏ సీట్లో ఎవరున్నారో బండికి తెలియాలే," అనేవాడు అన్నయ్య, కుంచె పట్టుకున్న ఆమె నెత్తిన నిలబడి. "తెలియకపోతే వంకరగా నిలబడుతుంది. వంకరగా నిలబడ్డది వంకరగానే దూకుతుంది." అందుకోసం ఇసక బస్తాలు కూడా ఉండేవి. మనిషిని కాటా ఎక్కించి, అంత బరువు ఇసక గోతంలో పోసి, సీట్లో బెల్టు వేసి కూర్చోబెట్టి, అప్పుడు రింగు తిప్పేవాడు. అది చెయ్యకుండా అన్నయ్య బండిని గేటు కూడా దాటించేవాడు కాదు.

రింగు తెల్లగీత దగ్గరే ఉంది. అన్నయ్య ఒక్కడే వెళ్ళాడు, సరిగానే ఉంది.

టార్చి తిప్పబోయిన అక్క చెయ్యి ఆగింది.

వాగులో నీరు ఇంకి బురద మిగిలే రోజులవి. ఆ బురద గొట్టం మీద చిమ్మి, మరల సందుల్లో దూరి, రాయిలా గట్టిపడి ఉంది. డ్రైవరు వైపు స్ప్రింగు మీద రింగు అంచు దాకా అలాగే పట్టేసి ఉంది. ఇక్కడ మాత్రం రింగు కింద కొంత మేర మరలు నున్నగా మెరుస్తున్నాయి. బురద అక్కణ్నుంచి కాక, ఇంకా దిగువ నుంచి మొదలైంది.

అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. బురద పడినప్పుడు రింగు కిందెక్కడో ఉంది. బురద ఎండాక ఎవరో దాన్ని పైకి తిప్పారు. రింగు తాను నడిచిన దారిలో మట్టిని గీరేసుకుంటూ వచ్చి తెల్లగీత దగ్గర నిలబడింది.

అంటే ఆ రోజు పక్క సీట్లో మనిషి ఉన్నాడు. ఆ మాట దాచాలంటే ఏ గీత దగ్గరికి తిప్పాలో తెలిసినవాళ్ళు ఈ లోకంలో ముగ్గురే. ఒకరు పోయారు. ఒకరు తను.

"ఏం చేస్తున్నావక్కడ?"

బావ గొంతు. సందు మొదట్లో వెలుగుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు. అక్కకు బయటికి వచ్చే దారి అదొక్కటే.

"రింగు ఎవరు తిప్పారండీ?"

ఏ రింగని ఆయన అడగలేదు. 

"ఆ రోజు షెడ్డులో పడుకున్నానన్నారు," అంది.

"పడుకున్నాను."

"అన్నయ్య ఒక్కడే వెళ్ళాడన్నారు."

 బావ గోడ మీద చెయ్యి ఆనించి బరువంతా దాని మీద వేశాడు.

"మీరు పక్కనే ఉండి, ఆ మాట ఇన్నాళ్ళూ నాకు చెప్పకుండా, ఒకే కంచం, ఒకే మంచం..." అంది అక్క.

"నేనే కూర్చున్నానని తీర్మానించేశావన్నమాట." బావ తన పొట్ట మీద అరచేత్తో మెల్లగా కొట్టుకున్నాడు. ఆ పని ఎప్పుడు చేసినా షెడ్డంతా నవ్వేది. "ఆ పసుపుగీత ఇదిగో, ఈ పొట్ట కొలత. వేసినదానివి నువ్వే, వేసి పడీపడీ నవ్వినదానివీ నువ్వే. నేను కూర్చుంటే రింగు ఎక్కడుండాలి? మళ్ళీ చూడు."

అక్క టార్చి వేసింది. 

బురద మొదలైన చోటు పసుపుగీత దగ్గర లేదు. దానికి వేలి మందం పైనే ఉంది. రింగు పసుపుగీత దాకా దిగనే లేదు.

ఆ రోజు పక్కన కూర్చున్న మనిషి బావ కాదు. బావకంటే బాగా తేలిక.

"ఎవరు?" అంది అక్క. ఆ మాట తనకే వినిపించలేదు.

"కమాన్లు తెచ్చాను. బయటున్నాయి," అన్నాడు బావ. ఆయన గొంతులో కోపం లేదు. అదే భయంగా ఉంది. "ఔనను. రెండు రోజుల్లో బిగించేద్దాం. ఈ స్ప్రింగులు ఇక్కడే, ఈ గుడ్డ కిందే ఉండనీ. ఇంకొక్క మాట అడిగావంటే ఈ ఇంట్లో ఇంకొకరు పోతారు. ఆ తర్వాత నన్నని లాభం లేదు."

"బెదిరిస్తున్నారా?"

"బతిమాలుతున్నాను."

సరిగ్గా అప్పుడే పక్క గదిలోంచి ఈల వినిపించింది. తమ్ముడు వస్తున్నాడు. ఒక గోతం భుజాన వేసుకుని, ఇంకో గోతాన్ని నేల మీద ఈడ్చుకుంటూ వచ్చాడు. సందులోంచి బావ పక్కకు జరిగాడు, వెనకే అక్క బయటికి వచ్చింది.

"అక్కా, ఈ చోద్యం చూశావా?" అన్నాడు తమ్ముడు. "ఈడ్చుకొచ్చేది అన్నయ్య బస్తా. నడుం పడిపోయింది. ఇది బావ బస్తా. బల్లి ఎక్కినట్టు కూడా లేదు భుజం మీద! బావా, నువ్వు ఎప్పుడు చిక్కావు? ఎలకలు ఇసక కూడా తింటున్నాయా?"

నవ్వుతూ ఆ గోతాన్ని భుజం మీంచి దించాడు.

అక్క వెళ్ళి ఆ గోతం ఎత్తి చూసింది. సగానికి సగం తగ్గకపోయినా చాలా తగ్గింది. ఎక్కడా చిరగలేదు, కారలేదు. మూతికి కట్టిన తీగ వైపు చూసింది. ఆ షెడ్డులో అందరూ తీగను ఒక వైపు మెలిపెడితే అన్నయ్య రెండో వైపు మెలిపెట్టేవాడు. ఆయనది ఎడమచేతి వాటం. ఆ తీగ అన్నయ్య మెలిపెట్టిందే.

ఇసక తీసింది అన్నయ్యే. వేరే మనిషి బరువుకు బస్తా సరిచేసి, రింగు సరిచేసి, మరీ వెళ్ళాడు. ఎవరు ఎక్కుతారో ఆయనకు ముందే తెలుసు.

"కాటా ఉందా మనకి?" అంది అక్క.

"పక్క కొట్టువాళ్ళు పట్టుకెళ్ళారు. తెస్తానుండు." తమ్ముడు అన్నయ్య బస్తాను జాగ్రత్తగా గోడకు చేరవేసి బయటికి నడిచాడు.

"కాటా అక్కర్లేదు."

పెరటి గుమ్మంలో వదిన. చేతిలో కడిగిన డబ్బాలు, వాటి నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఎప్పటి నుంచి అక్కడ ఉందో తెలియదు.

"చెల్లెమ్మా, నువ్వు ఇంటికెళ్ళు," అన్నాడు బావ.

వదిన డబ్బాలను కింద పెట్టింది. కొత్త బండి దగ్గరికి వచ్చింది. జన్మలో ఎక్కలేదన్న మనిషి ఏ గొట్టం మీద కాలు వెయ్యాలో, ఏ గొట్టం కింద తల వంచాలో వెతుక్కోలేదు. కాలు వేసింది, తల వంచింది, పక్క సీట్లో కూర్చుంది. భుజాల మీది పట్టీలు లాక్కుంది, నడుము పట్టీలు లాక్కుంది, అన్నిటినీ ఒక్కచోట చేర్చి టక్కున బిగించింది. కళ్ళు అక్క ముఖం మీదే ఉన్నాయి. చేతులు వాటంతట అవే పని చేశాయి. ఆ బకిల్ పెట్టడం నేర్చుకోవడానికి తమ్ముడికి ఒక పూట పట్టింది.

బిగుసుకున్న పట్టీ శాలువాను పక్కకు నెట్టింది. మెడ పక్క నుంచి భుజం మీదికి ఏటవాలుగా ఒక మచ్చ ఉంది. పట్టీ ఆ మచ్చ మీదే, అచ్చు గుద్దినట్టు కూర్చుంది. మెట్ల మీంచి జారిపడితే అలాంటి మచ్చ పడదు.

అక్క బండి గొట్టం పట్టుకుని నిలబడింది. 

"చుట్ట స్ప్రింగులే వెయ్యి అమ్మాయీ," అంది వదిన. ఆవిడ గొంతు అన్నం వడ్డించేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. "ఆ రోజు అవి ఏ తప్పూ చెయ్యలేదు. నీ వెల్డింగూ ఏ తప్పూ చెయ్యలేదు. నువ్వు ఆ మూలకు చూడకుండా తిరగడం ఇన్నాళ్ళూ నేను చూస్తూనే ఉన్నాను. చెప్పలేకపోయాను."

"వదినా, మరి..."

"చెల్లెమ్మా, వద్దు," అన్నాడు బావ. ఈసారి ఆయన గొంతు భారీగా లేదు.

వదిన ఆయన వైపు చూడలేదు. "బండి తిరగబడింది నిజమే. కానీ దాంతో మీ అన్నయ్య పోలేదు. తలకిందులుగా వేలాడుతూ కూడా నాతో మాట్లాడుతూనే ఉన్నారు. భుజం నొప్పిగా ఉందా అని అడిగారు. ఇంకోసారి నిన్ను బతిమాలను లే అని నవ్వారు కూడా." పట్టీ మీద ఆవిడ వేళ్ళు బిగుసుకున్నాయి. "చాలాసేపు మాట్లాడారమ్మా. మీ ఆయన వచ్చేదాకా."

వెనక పెద్ద చప్పుడైంది. షెడ్డులోకి వచ్చే ఎండ ఒక్కసారిగా తెగిపోయింది. బావ షట్టరును లోపలి నుంచి నేల దాకా లాగేశాడు. గొళ్ళెం పడిన చప్పుడు కూడా వినిపించింది.

బయట కాటా కింద పెట్టిన శబ్దం. తర్వాత తమ్ముడి అరచెయ్యి రేకు మీద కొట్టిన శబ్దం.

"అక్కా! షట్టరెందుకు వేశారు?"